అమ్మడూ, జోగ్ వెళ్ళే ముందు ఇది మొత్తం చదువు

అమ్మడూ,

నువ్వు జోగ్ ఫాల్స్‌కి వెళ్తన్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పింది. అది కూడా అన్ని కబుర్లూ అయిపోయి, ఇక పెట్టేస్తానన్నాక, "అన్నట్టు అన్నయ్యా, ఇది కెమెరా కొనుక్కుంది, ఆగస్టులో ఫ్రెండ్స్‌తో కర్ణాటక వెళ్తదంట, జలపాతం ఫొటోలు తీస్తదంట" అని. జీతంలో దాచుకుని నీ డబ్బుతో నువ్వు కెమెరా కొనుక్కున్నావంటే నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అరండల్‌పేటలో మన స్టూడియోకి వచ్చినప్పుడల్లా పరదా వెనకాల దూరి, లైట్ల గొడుగులు తిప్పి, నన్ను విసిగించిన పిల్లవి నువ్వే. ఫోన్ పెట్టాక మాత్రం చాలాసేపు నిద్ర పట్టలా. మీ అత్తయ్య లేచి ఏందని అడిగితే అమ్మడు జోగ్ పోతందంట అన్నాను, "పోనీండి, చిన్నపిల్లా ఏంది" అంది. చిన్నపిల్లవి కాదు, తెలుసు. అయినా రాస్తన్నా, వాట్సాప్‌లో ఇంత పొడుగు మెసేజ్ ఎవరు చదువుతారు అనుకోకుండా చదువు.

ప్రయాణం సంగతి నీకు నేను చెప్పేదేం లేదు. బెజవాడలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బెంగుళూరు, అక్కణ్ణుంచి తాళగుప్పకి రైలు ఉంది, జోగ్‌కి దగ్గర స్టేషన్ అదే. రూములు అక్కడికి దగ్గర ఊరు సాగరలో దొరుకుతాయి. వానాకాలం శని ఆదివారాలు అక్కడ జనం విపరీతంగా ఉంటారు కాబట్టి మామూలు రోజుల్లో పెట్టుకోండి. రెండు రాత్రులు ఉండేట్టు చూసుకో, ఎందుకో కింద చెప్తా.

ముందు ఆ నీళ్ళ సంగతి తెలుసుకుని వెళ్ళు. అది శరావతి నది. 253 మీటర్లు, అంటే 830 అడుగుల ఎత్తు నుంచి దూకుద్ది. మాచర్ల దగ్గర మన ఎత్తిపోతల జలపాతం 70 అడుగులు, అట్టాంటివి పన్నెండు దాకా ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతో అంత. నాలుగు పాయలు ఉంటాయి, రాజా, రాణి, రోరర్, రాకెట్ అని పేర్లు. అయితే ఇంటర్నెట్‌లో కనపడే ఫొటోల్లోలాగా నాలుగూ కలిసిపోయి కొండంతా నీళ్ళే ఉండటం ప్రతిసారీ జరగదు. పైన లింగనమక్కి డ్యామ్ ఉంది, 1964లో కట్టారు. దానికి ముందే 1948 నుంచీ అక్కడ కరెంటు తీస్తన్నారు. నది నీళ్ళు ముందు టర్బైన్లకి పోయి, మిగిలితే జలపాతానికి. డ్యామ్ నిండి గేట్లు ఎత్తితే నువ్వు చూసేది ఒక జోగ్, ఎత్తకపోతే ఇంకో జోగ్. వానలు బాగా పడితే డ్యామ్ కింది భాగంలో కురిసిన నీళ్ళు కూడా వచ్చి చేరతాయి కాబట్టి ఆగస్టులో బాగానే ఉంటది, కానీ గేట్లు ఎత్తలేదని మొహం వేలాడేసుకోవద్దు. నీళ్ళు తక్కువ ఉన్నప్పుడే నాలుగు పాయలూ విడివిడిగా, వెనక ఆ నల్లటి రాయితో సహా కనపడతాయి. ఫొటోకి నాకైతే అదే ఇష్టం.

ఇంకోటి మంచు. వానాకాలంలో అక్కడ మంచు, తుంపర కలిసి లోయంతా తెల్లగా కమ్ముకుంటది, ఎదురుగా అంత జలపాతం పెట్టుకుని చప్పుడు మాత్రమే వింటా నిలబడాలి. చాలామంది అరగంట చూసి బస్సెక్కేస్తారు. నువ్వు వెళ్ళకు. గాలి తిరిగిందంటే రెండు మూడు నిమిషాలు తెర తీసినట్టు అవుద్ది, మళ్ళీ మూసుకుంటది. ఆ రెండు నిమిషాల్లో నువ్వు లెన్స్ మార్చటం, బ్యాగ్‌లో వెతకటం చేస్తే అయిపోయినట్టే. అన్నీ సెట్ చేసుకుని, లెన్స్ మీద గుడ్డ కప్పి, నిలబడి ఉండు. రెండు రాత్రులు ఉండమన్నది ఇందుకే.

ఇప్పుడు అసలు సంగతి. ఈ లేఖ రాస్తన్నది దీనికోసమే.

మీ నాన్న ఎడమ చెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా చాపలేడు కదా, చిన్నప్పుడు నువ్వు అడిగితే స్కూటర్ మీద నుంచి పడ్డానని చెప్పేవాడు. స్కూటర్ కాదమ్మా. ఎత్తిపోతల.

వాళ్ళ పెళ్ళయిన కొత్త. వానలు తగ్గి ఎండ కాసింది, మాచర్ల దాకా పోయి నాగార్జునసాగర్, ఎత్తిపోతల చూసొద్దామని మేం ముగ్గురం బయల్దేరాం. చంద్రవంక వాగు నిండుగా ఉంది. మీ నాన్న దగ్గర యాషికా కెమెరా ఉండేది, ఎవరి దగ్గరో పాతది కొన్నాడు, ప్రాణంలాగా చూసుకునేవాడు. ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులు ఉండే రకం, కంటికి పెట్టుకునేది కాదు. మెళ్ళో వేసుకుని పొట్ట దగ్గర పట్టుకుని, పైన మూత తెరిచి, తల వంచుకుని లోపలి గాజు మీద బొమ్మ చూసుకోవాలి. రోల్‌కి 12 ఫొటోలే కాబట్టి ఒక్కో దానికి ఎంతో జాగ్రత్త. ఆ గాజు మీద ఏంటంటే బొమ్మ కుడి ఎడమలు తారుమారుగా కనపడుద్ది. మనిషి కుడికి నడిస్తే గాజులో ఎడమకి పోతా కనపడతాడు. అలవాటైతే చెయ్యి దానంతటదే తిరుగుద్ది, కానీ ఫొటో మీద పిచ్చిలో ఉన్నప్పుడు ఎంత అలవాటున్నోడైనా తికమక పడతాడు.

మీ అమ్మని బండ మీద నిలబెట్టాడు, వెనకాల జలపాతం. ముదురాకుపచ్చ చీర కట్టుకుంది, ఆ రోజు ఎంత బాగుందో. జలపాతం సరిగ్గా మీ అమ్మ భుజం పక్కనుంచి దూకుతున్నట్టు రావాలని మీ నాన్న ఆశ. తల వంచి గాజులో చూస్తా ఒక అడుగు పక్కకి వేశాడు. బొమ్మ అనుకున్నట్టు జరగలా, ఇంకా అవతలికి పోయింది. ఇంకో అడుగు వేశాడు. "కదలొద్దు, కదలొద్దు" అని మీ అమ్మకి చెప్తా తను మాత్రం కదులుతున్నాడు. నేను అవతల చెట్టు కింద అన్నం మూటలు విప్పుతున్నా. పొడి బండ ఎక్కడ అయిపోయిందో, తడి ఎక్కడ మొదలైందో చూసుకోలా. మూడో అడుగు పాకుడు మీద పడింది.

పాకుడు మీద పడటం మామూలుగా పడటం కాదమ్మడూ. కాలు మడత పడదు, తూలటం ఉండదు, పట్టుకోటానికి టైమే ఉండదు, కింద నేల లాగేసినట్టు మనిషి ఒక్కసారి కూలబడతాడు. మీ నాన్న చెయ్యి ఊతం పెట్టుకోలా, కెమెరా రాయికి కొట్టుకుంటదని రెండు చేతులతో దాన్ని గుండెలకి పట్టుకున్నాడు, దాంతో మోచెయ్యి నేరుగా బండకి తగిలింది. ఆ చప్పుడు నాకు చెట్టు కిందకి వినపడింది. పడ్డవాడు ఆగలా, ఏటవాలు బండ మీద అట్టాగే జారిపోతా కిందికి. ఆ కింద మడుగు. ఆ మడుగులో మొసళ్ళు ఉంటాయని మన జిల్లాలో తెలియనోళ్ళు లేరు, మొసళ్ళ పెంపకం కేంద్రం అక్కడే. బండలో ఒక పగులు ఉంది, అందులో మడమ ఇరుక్కుని ఆగాడు. కెమెరా మాత్రం పట్టీ తెగి నీళ్ళలోకి పోయింది.

మీ అమ్మ అరవలా. అదే నాకు ఇప్పటికీ గుర్తు. కదలొద్దన్నాడు కదా, అట్టాగే నిలబడిపోయింది, నేను పిలిస్తే కూడా వినపడనట్టు. నేనూ, అక్కడికి వచ్చిన ఇంకో ఇద్దరు కుర్రాళ్ళూ పంచె తాడులాగా చేసి మీ నాన్నని పైకి లాగాం. మాచర్ల దాకా జీపులో, అక్కణ్ణుంచి గుంటూరు. ఎముక అతికింది కానీ చెయ్యి పూర్తిగా చాపటం మళ్ళీ రాలా. తర్వాత ఎవరో కెమెరా తీసిచ్చారు, లోపలంతా ఇసక, ఫిల్మ్ కడిగితే ఒక్క ఫ్రేమూ రాలా. మీ నాన్న ఆ తర్వాత ఇంకో కెమెరా కొనలేదు. మీ ఇంట్లో నీ చిన్నప్పటి ఫొటోలన్నీ నేను తీసినవే ఎందుకున్నాయో ఎప్పుడైనా ఆలోచించావా.

2016లో కృష్ణా పుష్కరాలకి పున్నమి ఘాట్‌లో అందరం దిగి మునకలేస్తంటే మీ అమ్మ మొదటి మెట్టు మీదే కూర్చుని చెంబుతో నీళ్ళు పోసుకుంది, నువ్వు ఎగతాళి చేశావు. ఇంక ఎప్పుడూ చెయ్యకు. తడి రాతిమెట్టు అంటే ఆమెకి ఏం గుర్తొస్తదో నాకు తెలుసు. అంత భయం ఉండి కూడా నిన్ను వెళ్ళొద్దని ఒక్క మాట అనలేదు. నాకు ఫోన్ చేసింది.

అందుకని, నేను నీకు చెప్పేది ఒకటే, మిగతావన్నీ మర్చిపోయినా పర్లేదు. కన్ను ఫొటోలో ఉన్నంతసేపు కాలు కదలకూడదు. ముందు కెమెరా కిందికి దించి ఉత్త కళ్ళతో చూడు. ఎక్కడ నిలబడాలో తేల్చుకో. నేల చూసుకుంటా అక్కడికి నడువు, కాలు అటూ ఇటూ నొక్కి చూడు, జారటం లేదని తెలిశాకే కెమెరా ఎత్తు. ఫ్రేమ్ కుదరలేదా, మళ్ళీ దించు, మళ్ళీ నేల చూడు, అప్పుడు జరుగు. విసుగ్గా ఉంటది, ఒకటి రెండు మంచి ఫొటోలు పోతాయి కూడా. పోనీ.

నీది యాషికా కాదు, మిర్రర్‌లెస్, తారుమారు గొడవ లేదు అంటావేమో. నీ కెమెరాకి పక్కకి తెరుచుకునే స్క్రీన్ ఉందంటగా, అది నీ వైపు తిప్పుకుని సెల్ఫీ తీసుకుంటే అందులోనూ అద్దంలోలాగే తారుమారుగా కనపడుద్ది. ఫోన్ ముందు కెమెరా కూడా అంతే. పైగా వెనక్కి నడుస్తారు, వెనకాల ఏముందో ఎవడికీ తెలియదు. నీ ఫ్రెండ్స్‌ని నిలబెట్టినప్పుడు "ఇంకొంచెం వెనక్కి" అనే మాట నీ నోట్లోంచి రాకూడదు. వెనక్కి కావాలంటే జూమ్ తగ్గించు, లేదా కెమెరా దించి నేల చూసుకుని నువ్వే వెనక్కి జరుగు.

జోగ్‌లో చూసేచోట కంచె ఉంటది, కంచె ఇవతలే ఉండు. అక్కడి కుర్రాళ్ళు ఎవరైనా పైన రాజా దూకే బండ దగ్గరికి తీసుకెళ్తాం, అక్కణ్ణుంచి వ్యూ అదిరిపోద్ది అంటారు. వెళ్ళావని తెలిసిందంటే నేను మాట్లాడటం మానేస్తా, నిజంగానే చెప్తన్నా. లోయ అడుగుకి మెట్లు ఉన్నాయి, వెయ్యికి పైగానే, వానల్లో చాలాసార్లు మూసేస్తారు. మూసి ఉంటే అది నీ మంచికే అనుకో. చెప్పులేసుకుని పోకు, కింద గాళ్ళు లోతుగా ఉన్న రబ్బరు బూట్లు కావాలి. ఆ నున్నటి తెల్ల షూస్ ఇంట్లో పెట్టెయ్.

నీళ్ళు పెరగటం గురించి నీకు చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబర్‌లో సింగ్‌నగర్‌లో మీ ఇంటి మెట్లు ఒక్కొక్కటీ మునుగుతుంటే మేడ మీద నిలబడి చూసిన పిల్లవి. అప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోతన్నాయని టీవీలో చెప్తంటే నేను ఇక్కడ గుంటూరులో నీ ఫోన్ కలవక పిచ్చెక్కిపోయా. బుడమేరు అయినా కొండవాగు అయినా మనకి ముందు చెప్పి రాదు, పైన ఎక్కడో కురిసిన వాన ఇక్కడ ఎండలో ఉన్నవాడి మీదకి వస్తది. దారిలో మీరు ఏదో ఒక చిన్న వాగు దగ్గర ఆగుతారు, కాళ్ళు పెడతారు, అది నాకు తెలుసు. నీళ్ళు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తన్నా, చప్పుడు మారినా, సామాన్లు వదిలేసి గట్టెక్కండి. కెమెరా పోతే ఇంకోటి కొందాం, నేను కొనిస్తా.

సరే, ఫొటోల సంగతికి వద్దాం, దానికే కదా వెళ్తంది.

అందరూ జలపాతం అంటే నీళ్ళు పాలలాగా నున్నగా రావాలని ట్రైపాడ్ వేసి, వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి, సెకను రెండు సెకన్లు షట్టర్ తెరిచి పెడతారు. చిన్న వాగులకి అది అందం. జోగ్‌కి నాకు నచ్చదు. అంత ఎత్తు నుంచి పడే నీళ్ళకి ఒక విసురు ఉంటది, రాకెట్ పాయ చూడు, ముద్దలు ముద్దలుగా ఎగిరి పడుద్ది, దాన్ని నున్నగా చేస్తే ఇక అందులో ఏముంది. షట్టర్ 1/500 సెకను దగ్గర ఒకటి తియ్యి, ముద్దలు ఆగి కనపడతాయి. 1/30, 1/15 దగ్గర ఇంకోటి తియ్యి, చారలు వస్తాయి, ఊపు పోదు. అర సెకనుది కూడా ఒకటి తీసి పెట్టుకో, ఇంటికొచ్చి పక్కపక్కన పెట్టి నువ్వే తేల్చుకో, నా మాటే ఖాయం కాదు. ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు కెమెరాలో చేతి వణుకు సర్దే స్టెబిలైజేషన్ ఆపెయ్యి, వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టుకో.

ఎక్స్‌పోజర్ దగ్గర చాలామంది పోగొట్టుకుంటారు. రాయి నల్లగా, నీళ్ళు తెల్లగా ఉంటే కెమెరా నల్లటిదాన్ని చూసి వెలుగు పెంచుద్ది, నీళ్ళు తెల్లకాగితం అయిపోతాయి. పెళ్ళిళ్ళలో మధుపర్కాలు తీసేటప్పుడు బట్ట నేత కనపడాలని మేం ఎట్టా వెలుగు తగ్గించుకునేవాళ్ళమో ఇక్కడా అంతే, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 దగ్గర మొదలుపెట్టి, తెల్లటి చోట వెలుగు ఎక్కువైందని స్క్రీన్ మినుకుమినుకుమనటం ఆగేదాకా తగ్గించు. ఫ్రేమంతా మంచే ఉంటే మాత్రం దీనికి తిరగేసి, కాస్త ప్లస్ పెట్టాలి, లేకపోతే మంచు బూడిదలాగా వస్తది. రా (RAW) ఫైల్స్‌లోనే తియ్యి, వెలుగు తర్వాత సరిచేసుకోటానికి వీలుంటది. మంచులో ఆటోఫోకస్ పట్టుకోదు, ముందుకీ వెనక్కీ కొట్టుకుంటది, ఒక రాతి అంచు మీద ఫోకస్ పట్టించి మాన్యువల్‌కి మార్చెయ్యి. సీపీఎల్, అంటే పోలరైజర్ ఫిల్టర్ ఒకటి కొనుక్కో, తడి ఆకుల మీద మెరుపు తీసేసి పచ్చదనం బయటికి తెస్తది, అది తర్వాత ఫోన్‌లో చెయ్యలేవు. ఇంద్రధనుస్సు కావాలంటే ఎండ నీ వీపుకి తగలాలి, పొద్దు మరీ నడినెత్తికి రాకూడదు.

ఇవన్నీ అక్కడికెళ్ళి నేర్చుకోకు. బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు సీతానగరం వైపు గట్టు మీద దూరంగా నిలబడి అదే నీళ్ళని అన్ని స్పీడుల్లో తీసి చూసుకో.

లెన్స్ మీద తుంపర పడతానే ఉంటది. మెత్తటి గుడ్డలు నాలుగైదు ఉంచుకో, ఒకటి తడిస్తే ఇంకోటి. అక్కడ బయట లెన్స్ మార్చొద్దు. ఏసీ రూములోంచి తీసి నేరుగా తేమలోకి పట్టుకెళ్తే లోపల ఆవిరి పట్టేస్తది, ముందే జిప్ కవర్‌లో పెట్టి బయటికి తెచ్చి కాసేపు ఆగాక తియ్యి. ఇంటికొచ్చాక బ్యాగ్ అట్టాగే మూసి అటక మీద పెట్టావంటే వానాకాలం అయ్యేలోపు లెన్స్‌లో ఫంగస్ వస్తది. మొత్తం ఆరబెట్టి సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టు. డ్రోన్ ఎవరైనా తెస్తానంటే వద్దను, చుట్టూ డ్యాములు, కరెంటు ప్రాజెక్టులు, లేనిపోని తలనొప్పి.

ఇంకా, జలపాతం ఒక్కటే తీసుకుని రాకు. 830 అడుగులు అని నేను చెప్తే తెలుస్తది కానీ ఫొటోలో ఎట్టా తెలుస్తది? కంచె దగ్గర గొడుగు పట్టుకున్న మనిషి చిన్నగా మూలన ఉంటే అప్పుడు తెలుస్తది. జనం అడ్డం వస్తన్నారని విసుక్కోకుండా వాళ్ళని ఫ్రేమ్‌లోకి రానియ్యి. వానలో మొక్కజొన్న కాల్చేవాళ్ళు, ప్లాస్టిక్ కవర్ నెత్తిన వేసుకుని పరిగెత్తే పిల్లలు, బస్టాండ్‌లో తడిసిన దుప్పట్లు, ఇవి కూడా జోగే. దగ్గరగా తీసేటప్పుడు అడిగి తియ్యి, భాష రాకపోయినా కెమెరా చూపించి తల ఊపితే చాలు. సాగర చుట్టుపక్కలంతా వక్కతోటలు, సన్నటి చెట్లు నిటారుగా వరసలు వరసలు, మంచులో అవి అద్భుతంగా ఉంటాయి. గంధపు చెక్క మీద బొమ్మలు చెక్కే గుడిగార్లు సాగరలో ఉన్నారు, వాళ్ళ చేతులు తియ్యి. ఇక్కేరి అఘోరేశ్వర ఆలయం సాగరకి దగ్గరే, కెళదిలో రామేశ్వర ఆలయం, రెండూ కెళది నాయకుల కాలం నాటివి. వాన మరీ ఎక్కువగా ఉండి జోగ్ కనపడని పూట అక్కడికి పోండి. తోటల్లో, అడవి బాటల్లో జలగలు ఉంటాయి, పట్టుకుంటే గాబరాగా లాగకు, గోరుతో పక్కకి నెట్టు, వదిలేస్తది.

మీ నాన్నకి ఈ సంగతి నేను చెప్పానని దాచక్కర్లేదు. నువ్వే అడుగు. కెమెరా చేతికిచ్చి, ఒకసారి పట్టుకోమను. తీసుకోకపోతే బలవంతం చెయ్యకు.

ఆదివారం గుంటూరు రా. స్టూడియోలో పాత ట్రైపాడ్ ఉంది, బరువే కానీ గాలికి కదలదు, కాళ్ళ కింద రబ్బర్లు కొత్తవి వేయించి ఉంచుతా. వచ్చేటప్పుడు అక్కడికి వేసుకెళ్ళే బూట్లు కూడా తీసుకురా, అడుగు నేను చూడాలి. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇక్కడుంటావు, అత్తయ్య గోంగూర పులుసు చేస్తానంటంది.

— మావయ్య